గాలిలో బిగించిన నట్లు

నందికొట్కూరులో ఓబుళేశు షెడ్డుకు వచ్చే బండ్లలో సగం నిజంగా చెడిపోయి వచ్చేవి. మిగతా సగం ఓబుళేశు ఏమంటాడో విందామని వచ్చేవి. ఆత్మకూరు నుంచి, కర్నూలు నుంచి కూడా తోలుకొచ్చేవాళ్ళు. బానెట్ ఎత్తకముందే, బండి గేటులోకి వస్తుండగానే ఇంజను చప్పుడు విని "మూడో సిలిండరు సరిగ్గా మండడంలే" అనేవాడు. విప్పి చూస్తే అదే అయ్యేది. ఇరవై ఎనిమిదేళ్ళు అట్లా అవుతూ వచ్చేసరికి ఓబుళేశు చెప్పిందల్లా నిజమేనని ఊరు అనుకుంది. ఊరు అనుకుంటే ఫర్వాలేదు, ఓబుళేశు కూడా అనుకున్నాడు.

ఆ రోజు మార్చి నెల, పొద్దున పదింటికే రేకుల షెడ్డు పెనంలాగా కాలుతోంది. వేణుగోపాల్ జీపు వచ్చి ఆగింది. ఊళ్ళో పెద్ద విత్తనాల అంగడి కేశవయ్యది, ఆయన కొడుకే ఈ వేణుగోపాల్. ముప్పై ఏళ్ళవాడు, నెమ్మదస్తుడు. ఒక్క జీపు విషయంలోనే పిచ్చి. ఆదివారమొస్తే స్నేహితులతో కలిసి నల్లమల అంచున వంకల్లో, రాళ్ళల్లో జీపు తోలడం అతని సరదా. రాళ్ళు అడుగున తగులుతున్నాయని పోయిన శ్రావణంలో ఓబుళేశు చేత జీపును మూడంగుళాలు లేపించాడు. పొడుగు స్ప్రింగులు, పొడుగు షాకులు, పెద్ద టైర్లు. ఆ రోజు నుంచి అది బజారులో నడుస్తుంటే ఒంటె నడిచినట్టు ఉండేది.

ఇప్పుడు ఆ ఒంటె మీద నుంచి దిగిన మనిషి ముఖంలో నెత్తురు లేదు.

"ఓబుళేశన్నా, నిన్న రాయచోటికి పెండ్లికి పోయినాం. తిరిగొచ్చేటప్పుడు మైదుకూరు దాటినాంక ఒక గుంత తగిలె. అరవైలో ఉండా, అంతకు మించిలే. స్టీరింగు చేతుల్లో నిలిస్తే ఒట్టు. ముందర భాగమంతా ఎడమకీ కుడికీ కొట్టుకునె. పక్కన సుచరిత ఏడ్చేసె. ఇరవైకి దించినాంక గానీ ఆగలే."

సుచరిత అతని భార్య. ఓబుళేశు తల ఊపుతూ విన్నాడు. వేణుగోపాల్ చెప్పుతో మట్టి గీరుతూ కాసేపు నిలబడి, గొంతు తగ్గించి అడిగాడు.

"తిమ్మయ్య చెప్తాండింది ఇదే కదన్నా?"

"చూద్దాం సార్" అన్నాడు ఓబుళేశు.

తిమ్మయ్య ఆ ఇంట్లో ఇరవై రెండేళ్ళు డ్రైవరుగా చేసినవాడు. విత్తనాల టెంపో తోలాడు, కేశవయ్య కారు తోలాడు, వేణుగోపాల్‌ను బడికి దింపాడు, పెళ్ళికొడుకైతే ఊరేగించాడు. ఒక్క బండికి ఒక్క సొట్ట పడనివ్వలేదు. జీపు లేపించిన నెలకు అతనే షెడ్డుకు వచ్చి, "ఓబుళేశప్పా, అరవైలో గుంత తగిలితే ముందర వణుకుతాండాది, రొంత చూడు" అన్నాడు. ఓబుళేశు జీపెక్కి పాత బస్టాండు దాకా పోయి వచ్చాడు. నడిబజారులో అరవై ఎక్కడొస్తుంది, ముప్పై దాటితే ఎనుములు అడ్డొస్తాయి. "ఏమీ లేదన్నా, పెద్ద టైర్లకు చెయ్యి అలవాటు కావల్ల" అని పంపించేశాడు. రెండోసారి వస్తే టైర్లలో గాలి చూసి పంపించాడు. మూడోసారి తిమ్మయ్య షెడ్డు దాకా రాలేదు.

దసరాకు ముందు కేశవయ్య భార్య రాజ్యలక్ష్మమ్మ అహోబిలం పోయి వస్తుండగా తిమ్మయ్య తోలుతున్న జీపు వణికి, రోడ్డు దిగి, జొన్నచేలోకి పోయి ఆగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆమె చేతి గాజులు రెండు చిట్లాయి. కానీ ఆమె భయపడింది, ఆ ఇంట్లో ఆమె భయపడితే అందరూ భయపడాల్సిందే. జీపును అంగడి ముందరికి తెచ్చారు. ఓబుళేశును పిలిపించారు. విత్తనాలకు వచ్చిన రైతులు, హమాలీలు కలిసి ఇరవైమంది దాకా మూగారు. అందరి ముందూ వేణుగోపాల్ అడిగాడు: తప్పు బండిదా, మనిషిదా?

బండిదంటే బండిని లేపినవాడిదే. ఆ సంగతి ఓబుళేశుకు ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. "బండిలో ఏమీ లే సార్, నేను రెండు తూర్లు చూసినా" అన్నాడు. అంతటితో ఆపినా బాగుండేది. తిమ్మయ్య వైపు తిరిగి, "తిమ్మన్నా, చేతులు ముందరికి చాపు" అన్నాడు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, పొద్దున్నుంచి తిండి లేదు, గంట కింద చావు తప్పించుకుని వచ్చాడు, ఇరవై రెండేళ్ళు ఉప్పు తిన్న ఇంటి ముందర దోషిగా నిలబడ్డాడు. చాపిన చేతులు వణకక ఏం చేస్తాయి? "చూడండి సార్, వణుకు యాడుండాదో" అన్నాడు ఓబుళేశు. జనం నవ్వారు. బొజ్జన్న అనే హమాలీ అందరికంటే గట్టిగా నవ్వాడు. తిమ్మయ్య తన చేతుల వంక తానే కొత్తవాటిని చూసినట్టు చూసుకున్నాడు. తర్వాత తాళాలు తీసుకెళ్ళి కేశవయ్య బల్ల మీద పెట్టి, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. ఆనాటి నుంచి జీపు వేణుగోపాలే తోలుకుంటున్నాడు, ఊళ్ళోనూ వంకల్లోనూ, మెల్లగా.

ఇది జరిగి ఐదు నెలలు.

ఓబుళేశు జీపు చుట్టూ ఒకసారి తిరిగాడు. పని మొదలుపెట్టే ముందు ఏ మెకానిక్కయినా జబ్బు ఎక్కడుందా అని ఆలోచిస్తాడు. ఓబుళేశు మాత్రం జబ్బు ఎక్కడుంటే తనకు బాగుంటుందా అని ఆలోచించాడు. టైర్లలో ఉంటే బాగుండు. టైర్లు వేయించింది కర్నూలులో, వేరే అంగడిలో. గాలి కొలిచాడు, సరిగ్గా ఉంది. జాకీ పెట్టి చక్రాలు లేపి, తిప్పి, పక్కన చీపురుపుల్ల పెట్టి వంకర ఉందేమోనని చూశాడు. లేదు. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాడు, బేరింగులో వదులు లేదు. స్టీరింగు కుదుపును పీల్చుకునే చిన్న షాకు ఒకటుంటుంది, అది కంపెనీవాళ్ళది. దాన్ని విప్పి, లాగి, నొక్కి చూశాడు. నూనె చుక్క కూడా కారలేదు, బలంగా ఉంది. ఒక్కొక్క భాగమూ బాగున్నకొద్దీ అతనికి చెమటలు పట్టాయి. బాగున్నవాటిని చూసి ఏడ్చిన మెకానిక్కు ఈ చుట్టుపక్కల అతనొక్కడే అయ్యుంటాడు.

ఇక మిగిలింది తను పెట్టిన చెయ్యే. జీపును చక్రాల మీదికి దించి, చెక్కపలక మీద వెల్లకిలా పడుకుని కిందికి దూరాడు.

"సార్, మీరెక్కి స్టీరింగు రొంత ఎడమకి, రొంత కుడికి ఆడించండి. చక్రం తిరగగూడదు, ఊరికే ఆడల్ల."

వేణుగోపాల్ ఆడించాడు. ముందు ఇరుసు పక్కకు జరగకుండా దాన్ని చాసీకి కట్టిపట్టే అడ్డ రాడ్డు ఒకటి ఉంటుంది. స్టీరింగు ఆడినప్పుడల్లా ఆ రాడ్డు కొన వేలి వెడల్పు జరుగుతోంది. బోల్టు మాత్రం కదలడం లేదు. బోల్టుకూ రాడ్డుకూ మధ్య ఉండాల్సిన రబ్బరు బుష్షు పేరుకే ఉంది. బోల్టు విప్పి బుష్షును బయటికి తట్టాడు. రబ్బరు చుట్టూ మెలి తిరిగి చీలిపోయి ఉంది. ఇరుసును ముందు వెనుకలకు పట్టుకునే రాడ్ల బుష్షులు కూడా చూశాడు. అన్నీ చీలాయి. అన్నీ ఒకే వైపుకు మెలి తిరిగి చీలాయి.

రాళ్ళల్లో తిప్పితే పోయిన రబ్బరు అట్లా చీలదు. అది తెలిసినవాడు గనుకే ఓబుళేశు పలక మీద అట్లాగే ఉండిపోయాడు.

లేపిన బండికి రబ్బరు బుష్షులున్న నట్లను గాలిలో బిగించకూడదు. అన్నీ వదులుగా తగిలించి, బండిని నేల మీదికి దించి, దాని బరువు అది మోస్తూ నిలబడ్డాక, అప్పుడు కిందికి దూరి బిగించాలి. చక్రాలు వేలాడుతుండగానే బిగిస్తే, దించిన క్షణంలోనే రబ్బరు మెలిపడుతుంది. ఇక ఆ బండి ఉన్నన్నాళ్ళూ ఆ రబ్బరు పిండిన తడిగుడ్డలాగా ఉండాల్సిందే. నెలకో రెండు నెలలకో చీలుతుంది. ఇది ఓబుళేశు తన దగ్గర పని నేర్చుకున్నవాళ్ళందరికీ తిట్టి మరీ నేర్పిన సంగతి. పైగా బిగించిన ప్రతి నట్టు మీదా పసుపు రంగుతో ఒక గీత గీయడం అతని అలవాటు. నట్టు రవ్వంత కదిలినా గీత విరిగి కనబడుతుంది. ఇప్పుడు టార్చి వేసి చూస్తే, తను విప్పింది తప్ప, మిగతా నట్ల మీద ఒక్క గీత కూడా విరగలేదు. వేరే ఎవడి చెయ్యీ అక్కడ పడలేదు.

ఆ రోజు శ్రావణ శుక్రవారం. రాజ్యలక్ష్మమ్మ పెట్టించిన ముహూర్తం పదింటికి, రాహుకాలం పదిన్నరకు. లేపిన బండి కొత్త బండి కిందే లెక్క అని ఆమె మాట. చక్రం నేలకు ఆనడమే నిమ్మకాయల మీద ఆనాలి, ఆనిన చక్రం ఆగకుండా దొర్లి గుడి దాకా పోవాలి. "దించినాంక మళ్ళీ ఆపగూడదు ఓబుళేశూ" అని మూడుసార్లు చెప్పింది. ఓబుళేశు అప్పటికి నట్లన్నీ వదులుగా తగిలించి ఉంచాడు. దించాక అరగంట కింద దూరి పని చెయ్యాలమ్మా, ముహూర్తం ఇంకో రోజు పెట్టుకోండి అని చెప్పొచ్చు. చెప్తే ఆమె వినేదే. కానీ షెడ్డు నిండా వాళ్ళ బంధువులు, కొబ్బరికాయలు, కర్పూరం, ఫోన్లలో ఫోటోలు. పేరున్న మెకానిక్కు ఇంకా పని కాలేదని చెప్పాలంటే నామోషీ అనిపించింది. పది నిమిషాల్లో నట్లన్నీ గాలిలోనే బిగించి, పసుపు గీతలు గీసి, జాకీ దించాడు. సాయంత్రం జీపు తిరిగొచ్చాక వదులుచేసి మళ్ళీ బిగిద్దామనుకున్నాడు. సాయంత్రం వాళ్ళు వచ్చి అతనికి శాలువా కప్పారు. శాలువా కప్పించుకున్నవాడు అదే బండి కింద దూరితే చూసేవాళ్ళు ఏమనుకుంటారు? రేపు చూద్దాంలే అనుకున్నాడు.

ఆ తర్వాత మరిచిపోయానని చెప్పుకోగలిగితే బాగుండేది. మరిచిపోలేదు. తిమ్మయ్య మొదటిసారి వచ్చి వణుకు అన్నప్పుడే ఆ నట్లు కళ్ళ ముందుకొచ్చాయి. వచ్చిన ఆలోచనను తొక్కిపెట్టి బజారులో చుట్టు తిరిగి వచ్చాడు. అంగడి ముందర చేతులు చాపమన్నప్పుడు కూడా అవి అతనికి గుర్తున్నాయి. నిజానికి గుర్తున్నాయి గనుకే చాపమన్నాడు. బండి కింద పడుకుని ఈ సంగతి తనలో తాను ఒప్పుకునేసరికి తన మీద తనకే రోత పుట్టింది. బయటికి వస్తే వేణుగోపాల్ ముఖం చూడాలి. అందుకని ఇంకా ఏదో పని ఉన్నట్టు పానాతో ఊరికే చప్పుడు చేస్తూ కిందే ఉండిపోయాడు.

"ఏందన్నా, దొరికిందా?"

"బుష్షులు సార్. చీలినాయి."

"అంతేనా? రబ్బరే కదా. నేను రాళ్ళల్లో తిప్పినదానికి పోయుంటాయి. కొత్తవి వేసెయ్."

అబద్ధం ఆడాల్సిన శ్రమ కూడా లేకుండా ఆ పిల్లోడే కారణం అల్లి చేతిలో పెట్టాడు. ఓబుళేశు "ఊ" అన్నాడు. ఆ ఒక్క అక్షరం అతని నోట్లో రెండు రోజులు చేదుగా ఉంది.

కర్నూలు నుంచి కొత్త బుష్షులు తెప్పించి వేశాడు. ఈసారి జీపును నేల మీదికి దించి, నాలుగు మూలలా నొక్కి కుదుట పడనిచ్చి, అప్పుడు కిందికి దూరి ఒక్కొక్క నట్టూ బిగించాడు. బజారులో తిప్పలేదు. ఆత్మకూరు రోడ్డెక్కి, అరవై దాటించి, గుంతలు వెతుక్కుంటూ పోయి వాటిల్లోనే దించాడు. స్టీరింగు ఉలకలేదు. మొత్తం కలిపి ముప్పావుగంట. ఈ ముప్పావుగంట ఐదు నెలల కింద పెట్టి ఉంటే ఒక మనిషి అన్నం అతనికి ఉండేది.

సాయంత్రం వేణుగోపాల్ జీపు తోలి చూసుకుని సంతోషపడ్డాడు. "నీ చెయ్యి పడితే చాలన్నా, ఇంక తిరుగులేదు" అన్నాడు. ఓబుళేశు గుడ్డముక్కతో చేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు, అవి శుభ్రమై చాలాసేపయినా.

మరుసటి రోజు ఆత్మకూరు నుంచి ఒకాయన కారు తెచ్చి, ఇంజను ఆపకుండా నవ్వుతూ నిలబడ్డాడు, ఓబుళేశు విని చెప్తాడని. "తెలీదన్నా. విప్పి చూడల్ల" అన్నాడు ఓబుళేశు. ఆయన చిన్నబోయాడు. ఓబుళేశుకు అన్నం దిగడం లేదు. షెడ్డులో ఏ బండి కిందికి దూరినా మొదట తన పసుపు గీతలే కంటబడుతున్నాయి.

మూడో రోజు చీలిన బుష్షులను గుడ్డసంచిలో వేసుకుని విత్తనాల అంగడికి పోయాడు. కావాలనే పదకొండింటికి పోయాడు, జనం ఉండే వేళకు. రైతులు, హమాలీలు పది పన్నెండు మంది ఉన్నారు. బొజ్జన్న లారీలో నుంచి ఎరువుల బస్తాలు దించుతున్నాడు. వేణుగోపాల్ గల్లాపెట్టె దగ్గర నుంచి లేచి వచ్చాడు.

"రా అన్నా. ఏంది ఇట్లొస్తివి?"

"ఒక మాట చెప్పల్ల సార్. ఈడనే, నలుగురిలో చెప్పల్ల." ఓబుళేశు సంచిలోని బుష్షులు మెట్టు మీద పరిచాడు. "దసరా ముందర జీపు చేన్లోకి పోయింది తిమ్మయ్య చేతుల వల్ల కాదు. లేపినప్పుడు నట్లు నేను గాలిలో బిగించినా. అట్ల బిగించగూడదు. దానివల్ల రబ్బర్లు చీలి బండి వణికింది. ఆ పొద్దు అమ్మగారు ముహూర్తం దాటగూడదు అనింది, అందుకని తొందరలో..."

ఇక్కడికి వచ్చేసరికి అతని గొంతు అతనికే వినబడింది. ఐదు నెలల కింద ఇదే మెట్ల మీద ఇదే గొంతుతో ఒక ముసలివాడి మీదికి తోశాడు. ఇప్పుడు ఒక ముసలామె మీదికి తోస్తున్నాడు. మాట మధ్యలో ఆపేశాడు.

"అయితే మాయమ్మదంటావా తప్పు?" వేణుగోపాల్ ముఖం ముడుచుకుంది.

"కాదు సార్. ఆమెకు నట్ల సంగతి ఏం తెలుసు? నాకు తెలుసు. తెలిసీ చెప్పలే. తిమ్మయ్య రెండు తూర్లు వచ్చి చెప్తే తెలిసీ చూడలే. మొన్న మీరు రాళ్ళల్లో తిప్పితే పోయినాయంటే తెలిసీ ఊ కొడితి. అంతా నాదే."

ఉమ్మేస్తారనో తిట్టిపోస్తారనో అనుకుని వచ్చాడు ఓబుళేశు. బొజ్జన్న భుజం మీది బస్తా దించి, చెమట తుడుచుకుని, "ఏ తిమ్మయ్యప్పా?" అని అడిగాడు.

"ఈడ డ్రైవరుగా ఉండె కదా, ఇరవై ఏండ్లు."

"ఓ, తాగి బండిని కాలవలోకి తోలినాయనా?"

"తాగలేదు బొజ్జన్నా. కాలవ కాదు, జొన్నచేను. నువ్వుంటివి కదా ఆ పొద్దు ఈడ. నవ్వితివి కూడా."

"నేనా?" బొజ్జన్న నిజంగానే ఆలోచించాడు. "ఏమోప్పా, యాదికి లేదు. తాగినాడని అందరూ అంటాండారే" అని బస్తా ఎత్తుకుని లోపలికి పోయాడు.

తను అన్న మాట ఊళ్ళో తిరిగి తిరిగి ఏమై కూర్చుందో అప్పుడు తెలిసింది ఓబుళేశుకు. చేతులు వణికాయన్న మాట తాగుడైంది, జొన్నచేను కాలువైంది. దాన్ని ఇప్పుడు ఏ ఇంటికి పోయి వెనక్కి తేవాలో అతనికి తోచలేదు. వేణుగోపాల్ అతన్ని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయాడు. "ఇది లోపల చెప్తే సరిపోయేది కదన్నా" అని విసుక్కున్నాడు. కాసేపటికి మెత్తబడ్డాడు. "నేను కూడా తొందరపడితిలే. తిమ్మయ్యను రమ్మను. నాయనతో నేను మాట్లాడతా."

ఆ కబురు చేతికి దొరికేసరికి ఓబుళేశుకు ఊపిరి ఆడింది. మెట్టు మీది బుష్షులు సంచిలో వేసుకుని, మోపెడ్ ఎక్కి అప్పటికప్పుడే బయల్దేరాడు. దారిలో మనసు తేలికపడింది. నలుగురిలో నిలబడి తప్పు ఒప్పుకునేవాడు ఈ కాలంలో ఎవడున్నాడు అని కూడా ఒకసారి అనుకున్నాడు. అట్లా అనుకున్నందుకు తర్వాత చాలా రోజులు సిగ్గుపడ్డాడు.

కేసీ కాలువ అవతల మిరపకాయల కల్లంలో తిమ్మయ్య కాపలా ఉంటున్నాడు. నేలంతా ఎర్రగా కాయలు ఆరబోసి ఉన్నాయి. ఘాటుకు కళ్ళు మండుతున్నాయి. కల్లం ఒడ్డున చిన్న కొట్టం, దాని నీడలో తిమ్మయ్య భార్య రామలక్ష్మమ్మ కూర్చుని తాలుకాయలు ఏరుతోంది. ఓబుళేశును చూసి తిమ్మయ్య లేచాడు. ఐదు నెలల్లో మనిషి సగమయ్యాడు. కోపమేమీ కనబడలేదు. గోనెసంచి దులిపి పరిచి, "కూర్చోప్పా. ఎండలో వస్తివి" అన్నాడు.

రామలక్ష్మమ్మ పలకరించలేదు. లేచి టీ కాచింది. ఓబుళేశుకు నిండు గ్లాసు ఇచ్చింది. తిమ్మయ్యకు సగం గ్లాసే పోసింది. అతను దాన్ని రెండు చేతులతో పట్టుకుని, మోకాళ్ళ మధ్య పెట్టుకుని, వంగి తాగాడు. పాలు చాలలేదేమో, ఉన్నది తనకు పోశారేమో అనుకున్నాడు ఓబుళేశు. తన గ్లాసు పక్కన పెట్టి చెప్పడం మొదలుపెట్టాడు.

ఏదీ దాచలేదు. ముహూర్తం దగ్గర ఈసారి నాలుక జారలేదు. నట్లు, శాలువా, బజారులో తిప్పడం, తెలిసీ చేతులు చాపమనడం, అన్నీ చెప్పాడు. "ఈ పొద్దు అంగడి ముందర నలుగురిలో కూడా చెప్పొచ్చినా అన్నా" అన్నాడు చివరికి.

"మంచిది. అన్నది కూడా నలుగురిలోనే కదా" అంది రామలక్ష్మమ్మ, కాయల మీది చూపు ఎత్తకుండా.

తిమ్మయ్య ఓబుళేశు సంచిలోంచి ఒక బుష్షు తీసుకుని, చీలిక మీద బొటనవేలితో రాశాడు. "గాలిలో బిగిస్తే మెలిపడతాదా ఇది?"

"పడతాదన్నా."

"అట్లయితే ఆ వణుకు బండిదేనా?"

"బండిదే."

"నాది కాదా?"

"నీది కాదన్నా. ఏ పొద్దూ నీది కాదు."

తిమ్మయ్య ఆ బుష్షును ఇంకా తిప్పి తిప్పి చూస్తూనే ఉన్నాడు. రామలక్ష్మమ్మ చేతిలోని కాయలు చాటలో పడేసి అప్పుడు ఓబుళేశు వైపు తిరిగింది.

"కర్నూలు పెద్దాసుపత్రికి పిల్చుకపోతి ఈయన్ను. నరాల డాక్టరు చేతులు పట్టి పట్టి చూసె. పెద్దాయనా, నీకేం లేదు, నిక్షేపంగా ఉండావు అనె. ఈయన నమ్మల్ల కదా? డాక్టరుకేం తెలుస్తాది రామలక్ష్మీ, ఓబుళేశు చప్పుడు విని రోగం చెప్పేటోడు, ఆయనే చెప్పినాడంటే ఉంటాది అనె. ఇంటికొచ్చి లైసెన్సు పెట్టెలో పెట్టె. గడువు దాటినా మార్పించుకునేదానికి పోలే. గడ్డం గీసుకునేదానికి భయపడె. నేను గీస్తాండా."

తన కళ్ళు మిరపఘాటుకు మండుతున్నాయని ఆమె అనుకోవాలని ఓబుళేశు కోరుకున్నాడు. ఆ చేతుల మీద నమ్మకం తీసేసింది తనే. డాక్టరు మాట కూడా చెల్లనంతగా తీసేశాడు. వేణుగోపాల్ పంపిన కబురు గుర్తొచ్చి, ఏదో ఒకటి ఇవ్వాలన్నట్టు, "వేణు సార్ రమ్మన్నాడన్నా. మళ్ళీ పనిలోకి..." అన్నాడు. తిమ్మయ్య విన్నట్టే లేదు.

"రామలక్ష్మీ, టీ ఇంకా ఉండాదా?"

"ఉండాది."

"పొయ్యి. నిండా పొయ్యి."

ఆమె ఒక క్షణం అతని ముఖంలోకి చూసింది. గిన్నె తెచ్చి అంచు దాకా పోసింది. తిమ్మయ్య కుడిచెయ్యి ఒక్కటే చాపి గ్లాసు తీసుకున్నాడు. నోటి దాకా ఎత్తి కాసేపు అట్లాగే గాలిలో పట్టుకుని చూశాడు. టీ అంచు దాటలేదు. మెల్లగా రెండు గుక్కలు తాగాడు, మళ్ళీ ఎత్తి చూసుకున్నాడు.

తిట్టినా, సంచి తీసి ముఖాన కొట్టినా ఓబుళేశు తట్టుకునేవాడు. తల వంచుకుని, తన గ్లాసు ముట్టుకోకుండా, గోనెసంచి దారాలు పీకుతూ కూర్చున్నాడు.

"నువ్వు తాగలేదే" అన్నాడు తిమ్మయ్య. "తాగప్పా, చల్లారిపోతాది."